1968 ఫియట్‌ను సుంకి ఘాటు మీదుగా నడుపుకుంటూ తేవచ్చా?

ప్రశ్న: జయపురం మాస్టారు

విజయనగరంలో ఒక 1968 ఫియట్ 1100డి బేరం కుదిరింది. ఆంధ్ర రిజిస్ట్రేషను. 1089 సీసీ ఇంజిను, స్టీరింగు పక్కన గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ఒక్క తాళం తిప్పుకే స్టార్టయితే ముచ్చటేసింది. డ్రైవరు కాళ్ల కింద పట్టా ఎత్తి చూస్తే మాత్రం రేకు అప్పడంలా విరిగి, కింద నేల కనబడింది.

మొత్తం విప్పి షెడ్డులో పెడితే మళ్లీ బిగించే యోగం నాకు లేదని మా ఆవిడ జోస్యం. అందుకే రోజూ బడికి నడుపుతూనే ఒక్కో పనీ చేయించుకుందామని. సాలూరు, సుంకి, కోరాపుట్ మీదుగా నడుపుకుంటూ ఒడిశాలోని జయపురంలో మా ఇంటికి తెచ్చుకోవచ్చా, లారీకి ఎక్కించాలా? వింటేజ్ రిజిస్ట్రేషను చేయించమని ఒకరు సలహా ఇచ్చారు. అదీ చెప్పండి.

జవాబు: బరంపురం ఫియట్

మాస్టారూ, మీ ఉద్దేశానికి ఆ సలహా పనికిరాదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషను ఇస్తారు, నంబరులో వీఏ అని వస్తుంది. కానీ అలాంటి బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తీయాలంతే. మీరేమో బడికి వేసుకెళ్దామనుకుంటున్నారు!

మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోండి. మొదటి 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి దాన్ని పొడిగించాలి. పాత యజమాని చేయించారో లేదో ఆర్సీ చూస్తే తెలుస్తుంది. చేయించకపోతే డబ్బు ఇవ్వకముందే ఆయన చేత చేయించండి. బండి రాష్ట్రం మారుతోంది కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా ఆయన పేరు మీద ఉండగానే తీయించండి.

జవాబు: సాలూరు పాత డ్రైవరు

సుంకి గురించి అందరూ భయపెడతారు. మీరు వచ్చే దారిలో సుంకి ఎక్కుడు. ఎక్కుడులో బండి మహా అయితే ఆగిపోతుంది. ఆ ఇంజినుకు పెట్రోలు పంపు పక్కనే బిగించి ఉంటుంది, వేడికి పెట్రోలు ఆవిరై అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి, టీ తాగి వస్తే మళ్లీ కదులుతుంది. తెల్లవారుజామున ఎక్కితే ఆ బెడదా ఉండదు.

అసలు పరీక్ష కోరాపుట్ దాటాక జయపురం దిగేటప్పుడు. మీ ఊరి ఘాటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ బండి బ్రేకులన్నిటికీ ఒకటే ఆయిలు లైను. ఏ ఒక్క చక్రం దగ్గరి బ్రేకు సిలిండరు కారినా నాలుగూ పోతాయి. పాత బ్రేకు ఆయిలు తేమ పీల్చి ఉంటుంది, దిగుడులో వేడికి మరిగి పెడలు నేలకు తగులుతుంది. కాబట్టి విజయనగరంలోనే సిలిండర్ల రబ్బరు కప్పులు, రబ్బరు గొట్టాలు మార్పించి కొత్త ఆయిలు పోయించండి. పెట్రోలు గొట్టాలు కూడా. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు.

సాలూరు దాకా చదును, దాన్నే పరీక్షగా వాడుకోండి. ఊళ్లో ఆగి ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందన్నమాట. టైరు లోపలి వైపు తడి కనిపిస్తే బ్రేకు ఆయిలు కారుతోందేమో, బండి అక్కడే ఆపేయండి. మా ఊళ్లో లారీకి తక్కువా, వెల్డింగు చేసేవాళ్లకు తక్కువా?

జవాబు: జయపురం మాస్టారు

చాలా సాయం చేశారు. టైర్ల గీతలు బాగానే ఉన్నాయి. రేకు పని ముందా, రంగు ముందా?

జవాబు: సాలూరు పాత డ్రైవరు

గీతలు కాదు, పక్కన తయారీ తేదీ అంకెలు చూడండి. మూడే అంకెలుంటే అవి 2000కు ముందువి, వాటితో గేటు కూడా దాటొద్దు. రేకు పని ముందు, అందులోనూ జాకీ పెట్టే చోట్లు ముందు. రంగు మాట వచ్చే ఏడాది చూద్దాం.