కవసాకి: సీఆర్‌పీ 112 నుంచి 9.4కి దిగింది, ఇక గుండెకు భయం లేనట్టేనా?

చిన్నూ అమ్మ, విజయవాడ
మా బాబుకు మూడేళ్లు, 14 కిలోలు. ఆరు రోజులు జ్వరం దిగలేదు. కళ్లు ఎర్రబడ్డాయి కానీ పుసి లేదు. పెదాలు పగిలి నెత్తురు కారింది. మొదట వైరల్ అన్నారు, తర్వాత యాంటీబయోటిక్ మార్చారు. ఏడో రోజు ఇంకో పిల్లల డాక్టరు నాలుక చూసి కవసాకి అన్నారు, రక్తనాళాలు వాచే జబ్బట, గుండె నాళాలూ దెబ్బతినొచ్చట. (మా మామగారు "అది బండి పేరు కదమ్మా" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.) మొన్న రాత్రంతా ఐవీఐజీ (దీనికి ఇచ్చే యాంటీబాడీల మందు) ఎక్కించారు. అంతకుముందు సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 112, ఇవాళ వేరే ల్యాబ్‌లో 9.4. కానీ ఈఎస్‌ఆర్ (అదీ వాపు చూసే పరీక్షే) 68 నుంచి 95కి, ప్లేట్‌లెట్లు 3.1 లక్షల నుంచి 5.2 లక్షలకు పెరిగాయి. ఒకటి దిగింది, రెండు ఎక్కాయి. గుండె సంగతి ఏది చూసి తెలుసుకోవాలి?

ల్యాబ్ శ్రీను
అక్కా, ముందు 9.4 పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. మన దగ్గర కొన్ని ల్యాబ్‌లు సీఆర్‌పీని ఎంజీ/ఎల్‌లో ఇస్తాయి, కొన్ని ఎంజీ/డీఎల్‌లో. రెండోదైతే 9.4 అంటే ఎంజీ/ఎల్‌లో 94.

చిన్నూ అమ్మ
ఎంజీ/డీఎల్ అనే ఉంది. అయ్యో. పది రెట్లు తగ్గిందని పొద్దున్నే ఊరంతా ఫోన్లు చేశాను.

కరీంనగర్ నాన్న
అదేం పెద్ద తప్పు కాదు చెల్లీ, నేనైతే స్వీట్లే పంచిన. మా పాపకు ఏడు నెలలప్పుడు వచ్చింది. ఒంటి మీద దద్దుర్లు లేవు, చేతులు వాయలేదు. జ్వరం, బీసీజీ టీకా వేసిన చోట ఎరుపు, అంతే. ఏడాదిలోపు పిల్లల్లో లక్షణాలన్నీ కనిపించకపోవచ్చట. మాకు దారి చూపింది రక్తమే. సీఆర్‌పీ ఎక్కువ, అల్బుమిన్ అనే ప్రొటీన్ 2.7, అదీ తక్కువే, హిమోగ్లోబిన్ తక్కువ, మూత్రంలో తెల్ల కణాలున్నాయి కానీ కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. ఇవన్నీ కలిపి చూసి డాక్టరు ఆ సాయంత్రమే ఎకో (గుండె స్కాన్) తీయించిండు. ఎడమ కరోనరీలో, అంటే గుండెకు రక్తమిచ్చే నాళంలో ఉబ్బు, జెడ్ స్కోరు (ఆ సైజు పిల్లలకు ఉండాల్సిన దానికన్నా నాళం ఎంత వెడల్పుందో చెప్పే అంకె) 5.6. ఐవీఐజీ కోసం మా ఆవిడ గొలుసు కుదువపెట్టినం.

మూడు వారాలకు సీఆర్‌పీ మామూలైంది. స్వీట్లు పంచింది అప్పుడే. ఆ తర్వాతి వారం ఎకోలో ఉబ్బు అట్లనే ఉంది. అది మామూలు కొలతకు రావడానికి 14 నెలలు పట్టింది. మంట ఆరిందని రక్తం చెప్తది, ఇల్లెంత కాలిందో చెప్పదు.

పీడియాట్రిక్స్ పీజీ
చిన్నూ అమ్మ గారూ, ఐవీఐజీ ఇచ్చాక ఈఎస్‌ఆర్ పట్టించుకోకండి. బయటి నుంచి ఎక్కించిన ఆ ప్రొటీన్ వల్లే ఎర్రకణాలు తొందరగా అడుగుకు దిగుతాయి, సంఖ్య పెరుగుతుంది. జబ్బు పెరిగినట్టు కాదు. ప్లేట్‌లెట్లు కూడా ఈ జబ్బులో రెండో, మూడో వారంలో పెరుగుతాయి. నిజానికి మొదట్లోనే బాగా తక్కువుంటే మాకు టెన్షన్.

జపాన్ వాళ్లు 2006లో ఒక స్కోరు ప్రచురించారు, కొబయాషి స్కోరు అంటారు. సోడియం 133 లేదా తక్కువ, ఏఎస్‌టీ (లివర్ పరీక్షలో చూసే ఎంజైమ్) 100 లేదా ఎక్కువ, న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) 80 శాతం లేదా ఎక్కువ, సీఆర్‌పీ 10 ఎంజీ/డీఎల్ లేదా ఎక్కువ, ప్లేట్‌లెట్లు 3 లక్షల్లోపు ఉండటం, వయసు ఏడాదిలోపు, నాలుగో రోజులోపే చికిత్స అవసరం కావడం. ఇవన్నీ లెక్కేసి, ఐవీఐజీకి లొంగని పిల్లలెవరో ముందే అంచనా కడతారు. జపాన్‌లో పనిచేసినంత బాగా వేరే దేశాల పిల్లల్లో పనిచేయలేదు. అందుకే దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయించరు.

చిన్నూ అమ్మ
ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అని గుండెకు సంబంధించిన రక్తపరీక్ష కూడా చేశారండీ, 1,450. పక్కన నార్మల్ 125 లోపు అని ఉంది. అది చూసినప్పట్నుంచి నిద్ర లేదు.

పీడియాట్రిక్స్ పీజీ
ఆ 125 పెద్దవాళ్ల లెక్క. పిల్లలకు వయసును బట్టి హద్దు మారుతుంది, పసికందుల్లో సహజంగానే ఎక్కువ. గుండె కండరం మీద ఒత్తిడి పడితే ఇది పెరుగుతుంది. కవసాకిలో కండరం కూడా వాస్తుంది కాబట్టి, జబ్బు అవునా కాదా అన్న సందేహం ఉన్నప్పుడు పనికొస్తుంది. కరోనరీ ఎంత ఉబ్బిందో మాత్రం ఎకోనే చెప్పాలి. ఇప్పుడు మీ చేతిలో ముఖ్యమైన పరికరం థర్మామీటరు. ఐవీఐజీ పూర్తయిన 36 గంటల తర్వాత కూడా జ్వరం ఉంటే, లేదా మళ్లీ వస్తే, వెంటనే చెప్పండి.

టోక్యో తెలుగమ్మాయి
ఇక్కడ ఈ జబ్బు పేరు వినని తల్లి ఉండదేమో. డాక్టర్ తొమిసాకు కవసాకి మొదటి కేసు చూసింది 1961లో, 50 మంది పిల్లల గురించి రాసింది 1967లో. ఊరి పేరూ కాదు, బండి పేరూ కాదు, మీ మామగారికి చెప్పండి. ఇంకోటి, ఐవీఐజీ తర్వాత ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు వాయిదా వేస్తారు. మీ దగ్గర సాధారణంగా 11 నెలలంటారు, మీ డాక్టరుని అడిగి రాసుకోండి.

చిన్నూ అమ్మ (పదహారు రోజుల తర్వాత)
ఆ రాత్రే 101.4 వచ్చింది. రెండో డోసు ఇచ్చారు. తర్వాత జ్వరం లేదు. సీఆర్‌పీ 0.6, ఈసారి యూనిట్ చూశాను. వేలి చివర్లు ఉల్లిపొరలా ఊడుతున్నాయి, వాడేమో పీక్కుని ఆడుకుంటున్నాడు. నిన్నటి ఎకోలో జెడ్ స్కోరు 2.2, కొంచెం వెడల్పే గానీ అనూరిజమ్ (నాళం బుడగలా ఉబ్బడం) కాదన్నారు. తక్కువ డోసు ఆస్పిరిన్ నడుస్తోంది, నాలుగు వారాలకు మళ్లీ ఎకో.

కరీంనగర్ నాన్న
సల్లటి మాట చెప్పినవ్ చెల్లీ. ఆస్పిరిన్ మీద ఉన్నప్పుడు ఆటలమ్మగానీ ఫ్లూగానీ సోకినట్టనిపిస్తే ఆలస్యం చేయకుండా ఫోన్ చెయ్. ఎకో రోజు బాబు ఎత్తు, బరువు అక్కడే కొలిపించు. జెడ్ స్కోరు లెక్కకు అవే ఆధారం. మాకు ఒకసారి పాత బరువుతోనే వేసిండ్రు, మళ్లీ లెక్కేయించేసరికి అంకె మారింది.