కొత్త టైల్స్ వేశాక పడగ్గది గోడకు చెమ్మ: టైల్స్ పగలగొట్టకుండా లీకు ఎక్కడో తేలేదెలా?

కాకినాడలో 1994లో కట్టిన ఇల్లు మాది. రిటైరయ్యాక ఒక్కో గదీ బాగు చేయించుకుంటున్నాం, పని నత్తనడకన సాగుతోంది. సంక్రాంతి ముందు బాత్రూమ్‌లో పాత గచ్చు తీయించి కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు, టైల్స్ వేయించాం. నెల తిరక్కుండానే పక్కనున్న పడగ్గది గోడకు చెమ్మ పట్టింది. నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకే. పుట్టీ ఉబ్బి, వేలితో నొక్కితే పెచ్చులుగా రాలుతోంది. లోపల ఉప్పులాంటి తెల్లటి పొడి. మా ఆవిడకు ఆస్తమా ఉంది, ఆ ముక్కిన వాసన పడక హాల్లో పడుకుంటోంది. నా టెన్షనంతా దాని గురించే.

ప్లంబర్ నీళ్ల పైపులకు ప్రెషర్ టెస్ట్ చేశాడు. గంటసేపు ప్రెషర్ మీటర్ ముల్లు ఐదు కేజీల దగ్గర నుంచి కదల్లేదు. టైల్స్ సందుల్లో నింపిన గ్రౌట్ గీకించి, నీరు పట్టని ఎపాక్సీ పెట్టించాం, ఏమీ మారలేదు. నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలలో వాడిన నీళ్లు బయటికి పోయే చోటు) నోరు గట్టిగా మూసి, నేల మీద రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టి చూశాం. మట్టం తగ్గలేదు, గోడ తడి పెరగలేదు.

ఊరెళ్లి బాత్రూమ్ వాడనప్పుడు మాత్రం గోడ ఆరింది. తిరిగొచ్చి స్నానాలు మొదలుపెట్టిన మర్నాటికే మళ్లీ తడి. అందుకే ట్రాప్ నుంచి బయటి డ్రైనేజీ ఛాంబర్‌కు వెళ్లే పైపు జాయింటు మీదే నా అనుమానం. మేస్త్రీ మాత్రం పడగ్గది వైపు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేస్తే సరిపోతుందంటున్నాడు. నీళ్లు వస్తూనే ఉంటే పైపూత ఎన్నాళ్లు ఆగుతుంది?

నేల పగలగొట్టకముందే, ఆ ట్రాప్ జాయింటే కారుతోందని ఖాయంగా తేల్చుకునే పరీక్ష ఏదైనా ఉందా?