పదో రోజు తంతు ఇంకా ఎందుకు?

గోదావరిగట్టు:
పోయిన ఏడాది మా పెదనాన్న పోయారు. పదో రోజు తెల్లవారకముందే పెద్దమ్మను పీట మీద కూర్చోబెట్టి ముఖానికి పసుపు రాశారు. రూపాయి బిళ్ళంత బొట్టు, తలనిండా పూలు, చేతులనిండా గాజులు. నాటకానికి ముస్తాబు చేసినట్టే. కాసేపటికి అవన్నీ ఒక్కొక్కటే తీసేశారు. గాజు పెంకు గుచ్చుకుని మణికట్టు దగ్గర రక్తం వచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి ఆ పూట నుంచి ఎదురు రాకూడని మనిషి అయిపోయింది. పోయింది పెదనాన్న, వేషం మారింది పెద్దమ్మకు. ఈ తంతు మానేయాలంటాను. మీరేమంటారు?

పాతకాగితం:
వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చన్న చట్టం 1856లోనే వచ్చింది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. గొప్ప సాహసమే, కాదనను. కానీ పెళ్ళి వద్దనుకున్న ఆమె మాటేమిటి? బొట్టు తిరిగి రావాలంటే మొగుడు తిరిగి రావాల్సిందేనా? మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ 2022 మే నెలలో సూటిగా అసలు విషయానికి వచ్చింది. గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, తాళి, మెట్టెలు తీయడం తమ ఊళ్ళో ఇక ఉండకూడదని తీర్మానించింది. ఆ నెలలోనే ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ అదే బాట పట్టమంది.

తులసికోట:
నేను ఒప్పుకోను. మా అత్తగారు ఎవరూ అడగకుండానే బొట్టు తీసేశారు. మేం వద్దంటే, "ఆయన లేరని అద్దంలో కనిపించకపోతే నాకే నమ్మకం కలగడం లేదమ్మా" అన్నారు. మా ఆడపడుచు ఊరుకోక నుదుటన స్టిక్కరు అంటించింది. సాయంత్రానికి అది స్నానాలగది అద్దం మీద ఉంది. తీయమని పదిమంది ముత్తైదువలు అన్నా, ఉంచుకోమని పంచాయతీ అన్నా, ఆమె పాత్ర ఇంకొకరు రాసిందే కదా?

గోదావరిగట్టు:
తులసికోట గారూ, మీ అత్తగారి చేతులు ఎవరూ పట్టుకోలేదు. మా పెద్దమ్మ చేతులు ఇద్దరు పట్టుకున్నారు. హేర్వాడ్ వాళ్ళు ఎవరికీ బొట్టు పెట్టలేదండీ, చెరిపే చేతిని ఆపారు, అంతే. భార్య పోయిన మగవాడికి ఏం తీస్తున్నాం? మా మామయ్యను పదకొండో నెలలో పెళ్ళికొడుకును చేశారు.

అయితే మీ మాట నన్ను వదలడం లేదు. నిన్న పెద్దమ్మ దగ్గర చదువుకున్న అమ్మాయి శుభలేఖ తెచ్చింది. బొట్టు పెట్టి పిలవబోతే పెద్దమ్మ తనంతట తానే గోడదాకా వెనక్కి జరిగింది.

తులసికోట:
ఆ అమ్మాయి ఏం చేసింది?

గోదావరిగట్టు:
భరిణె మూత పెట్టేసి, శుభలేఖ చేతికిచ్చి కాళ్ళకు దండం పెట్టింది. భోజనాల వేళకు వస్తానంది పెద్దమ్మ.