బోధనాభ్యాసంలోనే సాంకేతికత వాడి తీరాలా, నల్లబల్ల మీద చేయి కుదిరాక నేర్చుకోవచ్చా?

తొలి_పాఠం: ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా నిన్న నా తొమ్మిదో పాఠం చెప్పాను. వర్గ ప్రమేయాల రేఖాచిత్రాలను నల్లబల్ల మీద గీసి, పిల్లల చేత కూడా గీయించాను. పాఠం బాగుందని పర్యవేక్షకులే అన్నారు. అయినా మూల్యాంకన పత్రంలో ‘సాంకేతికత వినియోగం’ గడిలో సున్నా వేశారు. పాఠం చెప్పడమే ఇంకా పూర్తిగా చేతికి రాని దశలో ఈ నిర్బంధం సమంజసమేనా?

పాత_పర్యవేక్షకుడు: సమంజసమే. విషయ పరిజ్ఞానాన్నీ బోధనా పరిజ్ఞానాన్నీ విడివిడిగా చూడరాదని విద్యా మనస్తత్వవేత్త లీ షుల్మన్ 1986లో వాదించారు. పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో ఆ ఆలోచనకు సాంకేతికతను జోడించి టీప్యాక్ చట్రాన్ని రూపొందించారు. మూడూ కలిసి ఎదగవలసినవే కనుక, ఒకటి ముందు, ఒకటి తర్వాత అనే ప్రశ్న లేదు.

చివరి_వరుస: ప్రొజెక్టర్ వెలగక నా పాఠంలో పావుగంట పోయింది. దానికి బాధ్యులెవరు?

పాత_పర్యవేక్షకుడు: అది వెలగకపోతే ఏం చేయాలో పాఠ్యపథకంలో ముందే రాసుకోవడం కూడా శిక్షణలో భాగమే.

చివరి_వరుస: రాసుకున్నాను, అలాగే చేశాను, అయినా మార్కులు తగ్గాయి. నేనడుగుతున్నది ఆ పావుగంట గురించి.

తొలి_పాఠం: మూడూ కలవాలని మీరే అంటున్నారు, ఆ గడి మాత్రం పరికరం తెచ్చారా లేదా అన్నదొక్కటే చూస్తోంది. స్లయిడ్లను చదివి వినిపించిన నా సహాధ్యాయికి అందులో పూర్తి మార్కులు పడ్డాయి.

పాత_పర్యవేక్షకుడు: రానిదాన్ని సిద్ధాంతంగా మార్చకండి. మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన జియోజెబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది. రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు.

తొలి_పాఠం: నాకు రాదని మీరెలా నిర్ణయించారు? ఐదో పాఠంలో దాన్నే వాడాను. వర్గ ప్రమేయంలో ఎక్స్ గుణకాన్ని స్లైడర్‌తో, అంటే తెర మీది మీటతో, జరుపుతూ ఉంటే పరావలయం పక్కకు కదలసాగింది. అప్పుడొక అమ్మాయి లేచి, ‘టీచర్, శీర్షం తిన్నగా జరగడం లేదు, అది కూడా ఒక వంపులోనే జారుతోంది, ఎందుకు?’ అని అడిగింది. నాకు తెలియలేదు. వెనక బల్ల మీద పర్యవేక్షకులు రాసుకుంటున్నారు. కంప్యూటర్ మొరాయిస్తోందని చెప్పి తెర ఆపేశాను. ఆ రాత్రి లెక్క కట్టి చూస్తే, శీర్షం నడిచే దారి తలకిందులైన మరో పరావలయమని తేలింది. ఆ పిల్ల కంటికి కనబడింది నాకు కనబడలేదు. మరి ఆ రోజు ఆ గడిలో నాకు పడినవి పూర్తి మార్కులు.

లెక్కల_టీచర్: ఆ సంగతి ముందే చెప్పి ఉండవలసింది.

పాత_పర్యవేక్షకుడు: నల్లబల్ల మీద ఆ ప్రశ్న పుట్టేదే కాదు. అందుకే వాడమంటున్నాను.

తొలి_పాఠం: ఒప్పుకుంటాను. కానీ ‘నాకు తెలియదు, అందరం కలిసి చూద్దాం’ అని పిల్లల ముందు అనగలిగే పాఠం ఒక్కటైనా మార్కులు లేకుండా ఉండాలి. నేను భయపడింది స్లైడర్‌కు కాదు, వెనక బల్లకు.

పాత_పర్యవేక్షకుడు: మార్కులు లేని పాఠానికి సగం మంది సిద్ధపడి రారు. అది నేను ఏళ్ల తరబడి చూశాను. అయితే ఆ రోజు వెనక బల్ల మీద నేనే కూర్చుని ఉన్నా, కంప్యూటర్ మొరాయించిందనే నమ్మేవాణ్ని.

తొలి_పాఠం: ఆ అమ్మాయికి నేనింకా జవాబు చెప్పలేదు. సోమవారం అదే తరగతికి వెళ్తున్నాను. స్లైడర్ ఈసారి తనచేతే జరిపిస్తాను.