స్తంభాల మండపం స్కాన్‌లో ఒక వరస మాయమైంది, ఎలా సరిచేయాలి?

రాతిగోడ: 48 స్తంభాల రాతి మండపం. లేజర్ స్కానర్‌తో 22 స్కాన్లు. టార్గెట్లు (స్కాన్లు కలపడానికి పెట్టే గుర్తు పలకలు) పెట్టలేదు, క్లౌడ్ టు క్లౌడ్‌తోనే, అంటే స్కాన్ పాయింట్ల ఆకారాలను ఒకదానితో ఒకటి పోల్చే కలిపాం. రిపోర్టులో స్కాన్ల మధ్య తేడా 3 మి.మీ. అంటోంది. ప్లాన్ కోసి చూస్తే పడమర వైపు ఒక వరస తక్కువ! పైగా చెక్కడాల అంచులు మసకగా ఉన్నాయి. మొత్తం మళ్లీ తీయాల్సిందేనా?

మూడుకాళ్లస్టాండు: అక్కర్లేదు. స్తంభాలు అచ్చు గుద్దినట్టు ఒకేలా, ఒకే ఎడంలో ఉంటే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని పక్కదాని మీద చక్కగా అతికించేస్తుంది. ఆకారం కుదిరింది కాబట్టి 3 మి.మీ. అనే చెబుతుంది, చోటు తప్పిందని దానికి తెలీదు. స్కాన్ల మధ్య అనుమానమున్న లింకులు తెంపేయండి. విరిగిన మూల, పూడ్చిన పగులు లాంటి ఒక్కచోటే ఉండే గుర్తులు చూసి చేత్తో జత చేయండి.

తర్వాత టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) మండపం చుట్టూ క్లోజ్డ్ ట్రావర్స్ నడపండి, అంటే కొలుస్తూ వెళ్లి మొదలైన చోటికే వచ్చి ముగించండి. నాలుగు మూలలా, మధ్యలో స్కాన్లు మళ్లీ టార్గెట్లతో తీసి, పాతవాటిని వాటికి కట్టేయండి. టార్గెట్లన్నీ ఒకే గీతలో, ఒకే ఎత్తులో వద్దు. రాతికి జిగురు అసలే వద్దు, స్టాండ్ల మీద పెట్టండి. మూడు నాలుగు టార్గెట్లను సర్దుబాటులో కలపకుండా పరీక్షకే ఉంచుకోండి. నమ్మాల్సింది అక్కడొచ్చే తేడానే.

ఎఫ్8: మసక సంగతి. కిరణం చుక్క సగం స్తంభం అంచు మీద, సగం వెనక గోడ మీద పడితే రెంటికీ మధ్య గాల్లో పాయింటు పుడుతుంది. ఫిల్టర్ గట్టిగా వేస్తే చెక్కడం అంచు కూడా పోతుంది. చెక్కడాలకు ఫొటోగ్రామెట్రీయే (ఫొటోల నుంచి 3డి మోడల్ కట్టడం) దారి. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్, 35 మి.మీ. లెన్సు, 2 మీటర్ల దూరం: రాతి మీద పిక్సెల్‌కి సుమారు 0.34 మి.మీ. ఫోకస్ రింగుకి టేపు వేసేయండి, జూమ్ వాడకండి. ఫొటోకీ ఫొటోకీ 80 శాతం అతివ్యాప్తి, స్తంభం చుట్టూ మూడు ఎత్తుల్లో, ఫ్రేములో స్కేల్ బార్. స్తంభాల మధ్య 1 మీటరే ఉంటే దగ్గర నుంచి తీయాలి కాబట్టి ఫొటోలు దాదాపు నాలుగింతలవుతాయి, మెమరీ కార్డులు లెక్కేసుకోండి. ఎండ మచ్చలు కదులుతుంటే రంగు అతుకులు పడతాయి, మబ్బు రోజు మేలు.

రాతిగోడ: మోడల్‌లో ఒక స్తంభం గీసి 48 కాపీలు పెడదామనుకున్నాం.

మూడుకాళ్లస్టాండు: పెడితే ఏ స్తంభం ఒరిగిందో, ఏది కుంగిందో మోడల్‌లో ఉండదు. మరమ్మతు చేసేవాళ్లకి కావాల్సింది అదే కదా! కనీసం ఒక్కోదానికీ అడుగున, నడుమ, తలదగ్గర సెక్షన్లు కోసి నడిగీత వేయండి. స్కాన్లను విడివిడిగానే ఈ57 (E57, స్కాన్ పాయింట్లు దాచే ఫైలు రకం)లో, ఫొటోలను రా (RAW, కెమెరా మార్చకుండా ఇచ్చే) ఫైళ్లుగా దాచండి. కలిపిన క్లౌడ్ ఒక్కటే మిగిలితే ఈ వరస తప్పు లాంటిది రేపు ఎవరూ విప్పలేరు.