బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను ఇంట్లోనే తొలగించుకోవచ్చునా?

ప్రశ్న (ఉపాధ్యాయుడు, మునుగోడు ప్రాంతం)

మా ఊరి బోరు నీటిలో లీటరుకు 3.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నట్లు పరీక్షలో తేలింది. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీరు అందుతున్నప్పటికీ, పైపులైను మరమ్మతుల రోజుల్లో చాలా ఇళ్లలో తాగడానికీ వంటకూ మళ్లీ బోరు నీరే వాడుతున్నారు. కాచి వడపోస్తే చాలని కొందరూ, పటిక వేస్తే సరిపోతుందని కొందరూ అంటున్నారు. ఇంకుడు గుంతలు తవ్వితే బోరులోనే ఫ్లోరైడ్ తగ్గుతుందా? బడిలో పిల్లలకు సరైన సమాచారం చెప్పాలన్నది నా కోరిక.

జవాబు (నీటి పరీక్షల ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి)

మాస్టారూ, కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. మీ బోరు నీరు ఆ రెండో హద్దుకు రెట్టింపు పైనే ఉంది.

పటిక మాట నిజమే గానీ సగమే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగాక పైతేట నీటిని వడపోస్తారు. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడ్‌పైనా క్షారగుణంపైనా ఆధారపడుతుంది కనుక, పరీక్ష ఫలితం చూడకుండా చేతికి వచ్చినంత వేయడం తగదు. మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. ఫ్లోరైడ్ అంతా చేరేది ఆ మడ్డిలోనే, దానిని బావి దగ్గర పారబోయకూడదు.

జవాబు (భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు)

ఈ ఫ్లోరైడ్ ఏ కర్మాగారం నుంచో వచ్చింది కాదు, మన కింద ఉన్న గ్రానైట్ రాతిలోని ఖనిజాల నుంచి కరిగి వస్తున్నది. నీటిలో కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట అది మరింతగా కరుగుతుంది. నీరు రాతిపగుళ్లలో ఎక్కువ కాలం నిలిచే లోతు బోర్లలో సాధారణంగా ఈ సమస్య తీవ్రంగా ఉంటుంది. చెరువులు, ఊటకుంటలు నిండితే వాన నీరు కలిసి గాఢత తగ్గవచ్చు. అయితే ప్రతి చోటా తగ్గుతుందని హామీ లేదు. అందుచేత వేసవి చివర ఒకసారి, వానల తరువాత ఒకసారి అదే బోరు నీటిని పరీక్షించి పోల్చండి. పిల్లల చేత ఆ పట్టిక రాయిస్తే ఇంకా మంచిది.

జవాబు (ఆరోగ్య కార్యకర్త, కనిగిరి)

మా వైపు ఇది పాత బాధ. ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర తిరిగే ఫ్లోరోసిస్ వ్యాధిని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు 1937లోనే నమోదు చేశారు. వంకర తిరిగిన ఎముకలు మందులతో మళ్లీ నిటారు కావు కాబట్టి, ఎదిగే పిల్లలకూ గర్భిణులకూ మంచి నీరు ముందు దక్కాలి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయినట్లు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు, కానీ దానిని నీటి శుద్ధికి బదులుగా భావించవద్దు. సరఫరా ఆగే రోజుల కోసం శుభ్రమైన కప్పు మీది వాన నీటిని, తొలి వాన నీటిని వదిలేసి, మూత ఉన్న తొట్టిలో నిల్వ చేసుకొని వంటకు వాడండి. తాగే ముందు మాత్రం కాచి తీరాలి.