నాస్‌ను ఫోటోలు దాచడానికే కాకుండా ఇంకా దేనికి వాడుతున్నారు?

చౌరస్తా_స్టూడియో:
హన్మకొండలో మాది పెళ్లిళ్ల ఫోటో స్టూడియో. రెండు డిస్కులు పట్టే సైనాలజీ కంపెనీ నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె) కొన్నాం, 4 టీబీవి రెండు వేసి రెయిడ్ 1లో (రెండింటిలోనూ అదే డేటా ఉండేలా) పెట్టాం. ఇప్పటిదాకా కెమెరా రా ఫైళ్లు పడేయడానికే వాడుతున్నాం. లోపల చూస్తే సీసీ కెమెరాలు, వీపీఎన్, డాకర్, స్నాప్‌షాట్లు అని చాలా ఉన్నాయి. మాకు నిజంగా పనికొచ్చేవి ఏవి? ఆల్బమ్ సెలెక్షన్ కోసం పెన్‌డ్రైవ్‌లు పంచడం మానేయాలని ఉంది. మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యేలోపు సెట్ చేసుకోవాలి.

కాజీపేట_సర్వర్:
అన్నా, ముందు స్నాప్‌షాట్లు ఆన్ చేయండి, మిగతావన్నీ తర్వాత. రెయిడ్ 1 ఒక డిస్కు చెడిపోతే కాపాడుతుంది, అంతవరకే. మీ ఎడిటర్ పొరపాటున ఒక పెళ్లి ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. స్నాప్‌షాట్ ఉంటే నిన్న మధ్యాహ్నం ఆ ఫోల్డర్ ఎలా ఉందో అలాగే వెనక్కి తెచ్చుకోవచ్చు. మారిన భాగాన్నే దాస్తుంది కాబట్టి చోటు కూడా తక్కువే పడుతుంది. కాకపోతే మీ వాల్యూమ్ (డిస్కుల మీద ఫైళ్లు దాచే భాగం) బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉండాలి. ఈఎక్స్‌టీ4 అనే ఇంకో రకం అయితే డేటా బయటికి తీసి మళ్లీ కొత్తగా చేసుకోవాల్సిందే, అందుకే డిస్కులు నిండకముందే చూడమంటున్నా.

పెన్‌డ్రైవ్‌ల బదులు ఆ ఫోల్డర్‌కు షేర్ లింక్ తీసి, పాస్‌వర్డ్, గడువు తేదీ పెట్టి వాట్సాప్‌లో పంపండి. చిన్న సైజు జేపీఈజీలే పెట్టండి. పెళ్లివాళ్లు ఫోన్‌లో చూసేది మీ నెట్ అప్‌లోడ్ స్పీడ్ మీదే.

ములుగులోనో పరకాలలోనో పెళ్లి ఉండి అక్కడి నుంచే ఫైళ్లు పంపాలంటే టెయిల్‌స్కేల్ (బయటి నుంచి నాస్‌కు సురక్షితంగా కలిపే వీపీఎన్ యాప్) వేసుకోండి. రూటర్‌లో పోర్టులు (బయటి నెట్ నుంచి నేరుగా లోపలికి వచ్చే దారులు) మాత్రం తెరవొద్దు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టిన క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీదే పడింది. ఏ కంపెనీదైనా ఆ భయం ఉంటుంది.

యూపీఎస్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కు కలపండి. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోతే, బ్యాటరీ అయిపోయేలోపు నాస్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది.

మానేరు_తీరం:
సైనాలజీలో రెండు సీసీ కెమెరాలకు లైసెన్స్ ఉచితంగానే వస్తుంది. కానీ కెమెరా రికార్డింగ్ పగలూ రాత్రీ డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. పెళ్లి ఫైళ్లున్న డిస్కుల మీద అది వద్దని నా మాట. మా ఇంట్లో జెల్లీఫిన్ (నాస్‌లోని వీడియోలను టీవీలో చూపే సాఫ్ట్‌వేర్) వేసి పాత బతుకమ్మ వీడియోలన్నీ టీవీలో పెడుతున్నాం, అమ్మ రోజూ చూస్తుంది. జెల్లీఫిన్ మాత్రం తప్పక వేసుకోండి.

చౌరస్తా_స్టూడియో:
చూశాను, ఈఎక్స్‌టీ4 అనే ఉంది. సగం కూడా నిండలేదు కాబట్టి ఈ వారమే బయటి డిస్కులోకి తీసేస్తా.

కాజీపేట_సర్వర్:
ఒకదాంట్లోకి కాదన్నా, రెండు బయటి డిస్కుల్లోకి తీయండి. నాస్ ఖాళీ చేసిన ఆ కాసేపు మీ దగ్గర ఉండేవి ఆ కాపీలే. వాల్యూమ్ తీసేసే ముందు రెండింటిలోంచీ కొన్ని రా ఫైళ్లు తెరిచి చూడండి, లైట్‌రూమ్ క్యాటలాగ్ (ఎడిటింగ్ మార్పులుండే ఫైలు) కూడా వచ్చిందో లేదో చూసుకోండి. పని అయ్యాక అందులో ఒక డిస్కు ఇంట్లోనే ఉంచేయండి. వారం వారం స్టూడియోకు తెచ్చి సైనాలజీ హైపర్ బ్యాకప్ యాప్‌తో కొత్త పెళ్లిళ్లు దాంట్లోకి ఎక్కించుకోవచ్చు.